వెయ్యి మంది నిలబడిన చోట

సందర్భిని యంత్రం లెక్క బయటికొచ్చిన రోజు తమ్ముడి భార్య మాధురి పాయసం చేసి పై అంతస్తుకు పట్టుకొచ్చింది. నలుగురు కాలిపోయిన కేసులో తీపి వండుకోవడం బాగుండదని ఆమెకూ తెలుసు. అందుకే గిన్నె మీద పళ్ళెం మూసి, "అత్తయ్యగారికి నోరు చప్పబడిందన్నారు వదినా, అందుకని చేశాను" అంది, ఎవరూ అడగకుండానే.

వెనకే సుధాంశు వచ్చాడు. నెలల తరబడి గడ్డం కూడా సరిగా గీసుకోని మనిషి ఆ రోజు తలస్నానం చేసి ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అక్క పక్కన సోఫాలో కూర్చుని ఏదో చెప్పబోయి, ఆమె భుజం మీద తల ఆనించి ఏడ్చేశాడు. నీరజాక్షి అతని వీపు నిమిరింది. తండ్రి పోయేనాటికి వాడు రెండో తరగతి. ఆమె అప్పుడే ఎమ్మేలో చేరింది. అప్పటి నుంచీ వాడి జ్వరాలూ, చదువూ, ఉద్యోగమూ, పెళ్ళీ అన్నీ ఆమె చేతుల మీదుగానే నడిచాయి. పెళ్ళి మాట తన వరకు వచ్చినప్పుడల్లా తర్వాత చూద్దామంది. ఆ తర్వాత అనేది రానే లేదు.

"తొమ్మిది అక్కా. నూటికి తొమ్మిదే నా పాలు. నీ మిషనే నన్ను బతికించింది."

తల్లి పూజగది గుమ్మంలో నిలబడి కళ్ళు ఒత్తుకుంది.

"మరి రెండో అతనికి?" అని అడిగింది నీరజాక్షి.

సుధాంశు తల ఎత్తలేదు. "నీలకంఠానికా? ఎనభై నాలుగు."

నీరజాక్షి చేయి అతని వీపు మీద ఆగిపోయింది.

ఆ అంకెల అర్థం అప్పటికి ఊళ్ళో ఆటోవాళ్ళకి కూడా తెలుసు. తప్పు చేసిన మనిషి ఆ క్షణాన ఎక్కడ, ఎలాంటి పరిస్థితుల్లో ఉన్నాడో ఆ చోటంతా సందర్భిని మళ్ళీ కడుతుంది. అతని చదువు, జబ్బులు, అప్పులు, ఫోను మాటలు, పైఅధికారి ఆదేశాలు, ఆనాటి ఎండ, అన్నీ. తర్వాత ఆ మనిషిని పక్కకు తీసి, ఆ చోట వెయ్యి మంది కల్పిత మనుషులను ఒకరి తర్వాత ఒకరిని నిలబెడుతుంది. వాళ్ళలో ఎక్కువమంది అదే పని చేస్తే తప్పు చోటుది. ఎక్కువమంది చేయకపోతే తప్పు మనిషిది. ఆ మనిషి సొంత పాలు ఎంతో నూటికి ఇంత అని చెబుతుంది. కోర్టు ఆ పాలును బట్టి శిక్ష వేస్తుంది.

పాతికేళ్ళు యూనివర్సిటీలో సమాజశాస్త్రం క్లాసులో చెప్పిన పాఠాన్నే నీరజాక్షి యంత్రంగా మార్చింది. మనిషిని అతని వీధి నుంచీ, కులం నుంచీ, కూలి నుంచీ విడదీసి చూడటం అంటే నీళ్ళలోంచి తీసిన చేపను చూసి చేపంటే ఇలా గిలగిల్లాడేదన్నమాట అనుకోవడం లాంటిదని పిల్లలకు చెప్పేది. అదే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్సు చెప్పే ఫిరోజ్ ఒకసారి నవ్వుతూ, "నీళ్ళతో సహా చూపిద్దామా మేడమ్?" అన్నాడు. అక్కడ మొదలైంది.

మొదటి కేసు ఒక గిరిజన స్త్రీది. అత్తగారికి మందు ఇవ్వకుండా చంపిందని జైల్లో పెట్టారు. ఆమె గురించి ప్రభుత్వం దగ్గర ఒక్క కాగితం లేదు. నీరజాక్షి ఆ కొండ ఊరికి వెళ్ళి, వాళ్ళ అరుగు మీద రోజుల తరబడి కూర్చుని, ఆస్పత్రి ఎంత దూరమో నడిచి చూసి, వాగు పొంగితే ఏం చేస్తారో అడిగి, ఒక్కొక్కటే యంత్రంలోకి ఎక్కించింది. వెయ్యి మందిని ఆ గుడిసెలో నిలబెడితే దాదాపు అందరూ మందు లేకుండానే ఉండిపోయారు. ఆమె విడుదలైన రోజు నీరజాక్షి జైలు గేటు దగ్గర బాహాటంగా ఏడ్చింది.

దాని తర్వాత చట్టం వచ్చింది. రాష్ట్రమంతటా కేసులు వేల సంఖ్యలో ఉన్నాయి, ఒక్కో ఊళ్ళో అన్నేసి రోజులు కూర్చునేవాళ్ళు ఎవరు? న్యాయశాఖ కార్యదర్శి చాలా మర్యాదగా మాట్లాడాడు. "మేడమ్, ఎవరో వెళ్ళి అడిగి రాసుకొచ్చింది కోర్టులో నిలవదు. సాక్షిని బెదిరించారంటారు, డబ్బిచ్చారంటారు. ధ్రువీకరించిన డిజిటల్ రికార్డు ఒక్కటే తీసుకుందాం. లేదంటే చట్టమే ఆగిపోతుంది." ఆమె వారం రోజులు ఆలోచించి ఒప్పుకుంది. అసలు లేకపోవడం కంటే సగమైనా ఉండటం మేలు కదా అనుకుంది.

తమ్ముడి కేసు కాబట్టి నీరజాక్షి మొదటి నుంచీ దూరంగానే ఉంది. ఆమెకు తెలిసింది పేపర్లో వచ్చినంతే. సముద్రం ఒడ్డున మందుల ఫ్యాక్టరీ. షిఫ్ట్ ఇన్‌ఛార్జి సుధాంశు. కాంట్రాక్టు హెల్పరు గొర్లె నీలకంఠం రియాక్టరు చల్లబడకముందే కింది వాల్వు తిప్పాడు. ద్రావకం ఆవిరి అంటుకుంది. నలుగురు పోయారు, నీలకంఠం చేతులు మోచేతుల దాకా కాలాయి.

లెక్క తెలిసిన మర్నాడు ఆమె ప్రయోగశాలకు వెళ్ళి, "ఫిరోజ్, నీలకంఠం వెయ్యి మందిని చూపించు" అంది.

"మేడమ్, మీరు ఈ కేసు చూడకూడదు కదా."

"చూడకూడదు. చూపించు."

అతను ఆమె ముఖంలోకి ఒకసారి చూసి తెర వెలిగించాడు. రియాక్టరు గది వచ్చింది. వాల్వు ముందు ఒక మనిషి నిలబడ్డాడు. ముఖం తేటగా ఉంది. అటూ ఇటూ చూశాడు, ఉష్ణోగ్రత మీటరు చదివాడు, ఇంకా చల్లారలేదని ఫోను తీసి ఇన్‌ఛార్జికి చెప్పాడు, వాల్వు ముట్టుకోకుండా వెనక్కి జరిగాడు. అతను మాయమై ఇంకొకడు వచ్చాడు. అతనూ అంతే. ఇంకొకడు. అంతే. వాళ్ళలో ఎవరికీ తొందర లేదు. ఎవరి కళ్ళూ మూతలు పడటం లేదు.

"వీళ్ళు రాత్రి నిద్రపోయారా?"

"అందరిలాగే, ఏడెనిమిది గంటలు."

"తిన్నారా?"

"తిన్నారు. భద్రతా శిక్షణ కూడా తీసుకున్నారు."

"నీలకంఠం తీసుకున్నాడా?"

ఫిరోజ్ కీబోర్డు మీద వేళ్ళు ఆడించాడు. కాసేపటికి చేతులు వెనక్కి తీసుకున్నాడు. "అతని గురించి ఏమీ లేదు మేడమ్. ఫోను మేస్త్రీ పేరు మీద ఉంది. కూలి చేతికి ఇచ్చేవారట, బ్యాంకులో లేదు. హాజరు కూడా కాంట్రాక్టరు నోటి లెక్కే. చదివిన బడి తుఫానులో పోయింది, దాంతో రికార్డులూ పోయాయి. డాక్టరు దగ్గరకు ఎప్పుడూ వెళ్ళినట్టు లేదు." "ఖాళీ ఉన్న చోట మనం సగటు మనిషి లెక్క పెట్టాం. గుర్తుందా? తాత్కాలికంగా అనుకున్నాం."

నీరజాక్షికి గుర్తుంది. ఆ ఖాళీలను ఒకప్పుడు ఆమె నడిచి వెళ్ళి నింపేది.

"సుధాంశుది పెట్టు."

ఆ గది కిక్కిరిసి ఉంది. పైఆఫీసు నుంచి గంటగంటకూ వస్తున్న మెసేజీలు, సాయంత్రంలోగా సరుకు దిగకపోతే నీ జవాబుదారీ అన్న మెయిలు, రక్తపోటు మాత్రలు, ఇంటి అప్పు వాయిదా, కొడుకు స్కూలు నుంచి వచ్చిన ఫిర్యాదు, చేతి గడియారం రికార్డు చేసిన గుండె వేగం. ఆ గదిలోకి అడుగుపెట్టిన ప్రతి కల్పిత మనిషీ చెమటలు కక్కుతూ, పని ఆగకూడదని పరుగులు పెడుతున్నాడు. వాళ్ళను చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు కదా ఫిరోజ్," అంది నీరజాక్షి.

నీలకంఠం భార్య దాలమ్మ ఫ్యాక్టరీ గోడ వెనక రేకుల ఇళ్ళ వరసలో ఉంటుంది. శ్రీకాకుళం ఉద్దానం వైపు నుంచి వచ్చినవాళ్ళందరిదీ ఆ వరసే. నీరజాక్షి వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని ఎండు రొయ్యలు తలలు గిల్లుతోంది. తాను ఫలానా సుధాంశు అక్కనని నీరజాక్షి ముందే చెప్పింది. దాలమ్మ లేచి వెళ్ళలేదు, రమ్మనీ అనలేదు.

"బాబుగోరి అప్పగోరా? మా కాడికెందుకు వొచ్చినారమ్మా?"

"ఆ రోజు ఏం జరిగిందో తెలుసుకుందామని."

"మిసను సెప్పీసింది కదా. మా ఇంటాయనదే తప్పని."

"మిషనుకు తెలీదు దాలమ్మా. నువ్వు చెప్పు."

దాలమ్మ రొయ్యలు గిల్లుతూనే చెప్పింది. ప్రమాదానికి ముందు రోజు పొద్దున పనిలోకి వెళ్ళిన మనిషి ఇంటికి రాలేదు. బదులు రావలసినవాడు రాలేదని మేస్త్రీ ఆపేశాడు. మర్నాడు మధ్యాహ్నం ఆమె గేటు దగ్గరకు అన్నం పట్టుకెళితే లోపలికి పంపలేదు.

"నిద్దర్లేదు, తిండి లేదు. నిలబడే తూలిపోతన్నాడంట. మీటరు ముల్లు ఇరిగిపోయి మూడు నెల్లయిందంట, దాన్ని సూసేదేటి? సల్లారిందో లేదో నాకు తెల్దు బాబూ అన్నాడంట మీ తమ్ముడుగోరితోటి. ఆయన, తిప్పెయ్యి నీలకంఠం, నేనున్నాను కదా అన్నారంట. మా ఇంటాయన తిప్పినాడు. బాబు సెప్పినాక తిప్పకుండా ఉంతాడేటి?"

"ఫోనులో చెప్పాడా?"

"పక్కనే నిలబడి సెప్పినారమ్మా. నోటితోటి."

సాయంత్రం నీరజాక్షి కింది అంతస్తుకు వెళ్ళి తమ్ముణ్ణి బాల్కనీలోకి పిలిచింది. మాధురి వంటింట్లో ఉంది. తల్లి లోపల టీవీ ముందు కూర్చుని ఉంది.

"తిప్పెయ్యమని నువ్వు చెప్పావా సుధా?"

కాదనగలడు, కానీ ఈమె ముందు అతను చిన్నప్పటి నుంచీ అబద్ధం ఆడలేదు.

"చెప్పాను."

"అతనికి నిద్ర లేదని తెలుసా?"

"అక్కడ ఎవరికి ఉందక్కా నిద్ర? నాకుందా? పైనుంచి నన్ను ఎంత తొక్కారో నీ మిషనే చూపించింది కదా. ఏ మనిషీ ఒంటరిగా తప్పు చెయ్యడని నాకు చెప్పిందెవరు? చిన్నప్పుడు పక్కింటివాళ్ళ అద్దం పగలగొడితే, ముందు ఆ వీధిలో ఆడుకునే చోటు లేదని వాళ్ళతో వాదించావు. మర్చిపోయావా?"

"నీ మీద వాళ్ళున్నారు. అతని మీద నువ్వున్నావు."

"అది రికార్డులో లేదు," అన్నాడు సుధాంశు. అన్న తర్వాత ఆ మాట తనకే చేదుగా తోచినట్టు ముఖం తిప్పుకున్నాడు. "నేను జైలుకు వెళ్తే పిల్లాడేమైపోతాడక్కా?"

"నేను కోర్టులో చెబుతాను సుధా. నీకు ముందుగా చెప్పాలని వచ్చాను."

తల్లి ఎప్పుడు వచ్చి వెనక నిలబడిందో ఇద్దరూ చూసుకోలేదు. ఆమె కోపంగా అరవలేదు. "నువ్వు ఊరందరికీ పెద్ద దిక్కువి అమ్మా. వీడికి మాత్రం కాలేకపోయావు" అని లోపలికి వెళ్ళిపోయింది. నీరజాక్షి మెట్లు ఎక్కుతూ మధ్యలో ఒకచోట కూర్చుండిపోయింది. వాణ్ణి ఎత్తుకుని ఇవే మెట్లు ఎన్నిసార్లు ఎక్కిందో ఆమెకు లెక్క లేదు.

కోర్టు హాలు నిండిపోయింది. యంత్రాన్ని తయారుచేసిన మనిషే దాని మీద సాక్ష్యం చెబుతోందని పేపర్లవాళ్ళు వచ్చారు. నీలకంఠాన్ని పోలీసులు ఒక మూల బెంచీ మీద కూర్చోబెట్టారు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆ చేతుల చర్మం కరిగి ముడతలు పడి ఉంది.

నీరజాక్షి తడబడకుండా చెప్పింది. యంత్రం ఖాళీలను ఎలా నింపుతుందో చెప్పింది. నిద్రపోయి, అన్నం తిని, పనిచేసే మీటరు ముందు నిలబడ్డ వెయ్యి మందితో, అవేవీ లేని మనిషిని పోల్చారంది. తన తమ్ముడు తనతో ఒప్పుకున్న మాట చెప్పింది. సుధాంశు తల దించుకున్నాడు.

అతని తరఫు వకీలు నింపాదిగా లేచాడు.

"ప్రొఫెసరుగారూ, మనిషి మాట అతని నోట్లో పుట్టదు, అతని చుట్టూ పుడుతుంది అని రాసింది మీరేనా?"

"నేనే."

"అయితే చట్టం పన్నెండో సెక్షను కింద ఈ సాక్ష్యాన్ని కూడా సందర్భినికి పెట్టాలని కోరుతున్నాను. సాక్షులకూ వర్తించేలా ఆ సెక్షను పెట్టించింది కూడా తమరే."

నిజమే. పోలీసులు కొట్టి చెప్పించిన సాక్ష్యాలు బయటపడాలని ఆమె పట్టుబట్టి పెట్టించింది.

నీరజాక్షి రికార్డులకు కొదవలేదు. మధ్యాహ్నం భోజన విరామం ముగిసేసరికి ఆమె చోటు కట్టడం పూర్తయింది. అవివాహిత. జీవితమంతా కూలీల మీద వ్యాసాలు. తండ్రి ఇల్లు ఎవరి పేర పెట్టాలన్న దానిపై తమ్ముడితో ఒకప్పుడు నడిచిన ఘాటు మెసేజీలు. రెండేళ్ళుగా నిద్రమాత్రలు. యంత్రం పేదవాళ్ళను ముంచుతోందని విదేశీ పత్రికలో వచ్చిన విమర్శను ఆమె పదేపదే తెరిచి చదివిన ఆనవాళ్ళు. ఆ చోట వెయ్యి మంది స్త్రీలను నిలబెడితే తొమ్మిది వందల పైచిలుకు మంది సాక్షి బోను ఎక్కి ఇదే మాట చెప్పారు. నీరజాక్షి సాక్ష్యంలో ఆమె సొంత పాలు నూటికి ఆరు.

"అపరాధ భావన, భావజాలం, కుటుంబ కలహం," అన్నాడు వకీలు. ఆయన గొంతులో వెటకారం లేదు, సానుభూతి ఉంది. "ఆమె అబద్ధం చెప్పారని నేననను. ఆమె పరిస్థితి మాట్లాడింది, అంతే."

నీరజాక్షి బోను చెక్కను పట్టుకుంది. "అయ్యా, నా చోట నిలబడ్డ అంతమందీ ఇదే చెబుతారంటే, అది నిజం కాబట్టి చెబుతారేమో. ఆ సంగతి ఎవరూ చూడరా?"

న్యాయమూర్తి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. ఆమె పుస్తకాలు చదివి ఎదిగినవాడు. "సందర్భిని నిజమా కాదా అని అడగదు ప్రొఫెసరుగారూ. ఎవరి పాలు ఎంత అనే అడుగుతుంది. మాకు అలా నేర్పింది మీరే."

ఆమె సాక్ష్యాన్ని కొట్టివేశారు. సుధాంశుకు జరిమానా. నీలకంఠానికి పదేళ్ళు.

ఫిరోజ్ ఆ వారమే రాజీనామా చేసి, చేపల రేవు దగ్గర అన్నగారి ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. కంపెనీ సుధాంశును వేరే రాష్ట్రంలోని యూనిట్‌కు పంపింది, హోదా ఒక మెట్టు పెంచి. తల్లి అతనితోనే వెళ్ళింది. సామాను లారీ ఎక్కిస్తున్నప్పుడు నీరజాక్షి కిందికి దిగింది. సుధాంశు వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఆమె అతన్ని లేవనెత్తింది. న్యాయశాఖ నుంచి ఆమెకు ఒక ఆహ్వానం వచ్చింది, సందర్భిని రెండో తరం కమిటీకి అధ్యక్షురాలిగా ఉండమని. ఆమె జవాబు రాయలేదు. ఇంకెవరినో వేసుకున్నారు.

వానలు పడుతున్న రోజుల్లో ఆమె జైలుకు వెళ్ళింది. దాలమ్మ కూడా వచ్చింది కానీ ఆ నెల ఆమె ములాఖత్ అయిపోయిందని గేటు దగ్గరే ఆపేశారు.

నీలకంఠం కాస్త ఒళ్ళు చేశాడు. మణికట్టుకు నల్లటి పట్టీ ఉంది. ఆమె దాని వైపు చూడటం గమనించి చెయ్యి పైకెత్తి చూపించాడు.

"అందరికీ కట్టినారమ్మా. ఎంత నిద్దరోయినానో, ఏటి తిన్నానో, గుండి ఎలా కొట్టుకుంతందో అన్నీ దీన్లోకి ఎల్లిపోతాయంట. వారానికోపాలి డాకటరు సూస్తాడు. నా గురించి ఇంతమంది ఎప్పుడూ రాసుకోలేదమ్మా." అతను చిన్నగా నవ్వాడు. "ఇయన్నీ ఆ మిసనుకి సూపిత్తే ఇడిసిపెడతారేటి?"

"లేదు నీలకంఠం. నువ్వు లోపలికి వచ్చిన రోజు నుంచే అవి లెక్క."

"ఓహో." అతను దాని గురించి ఆలోచించాడు. "అంటే ఇంక మీదట నానేదైనా తప్పు సేస్తే, నా తప్పు తక్కువ సూపిత్తాదన్నమాట."

ఆమె తల ఊపింది.

అతను కమ్మీలకు దగ్గరగా జరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, ఓ మాట. ఆ యేళ నాకు నిద్దర్లేదని, బాబు సెప్తేనే తిప్పినానని మీరు కోరుటులో సెప్పినారు కదా. అది రాసుకున్నారా? కాయితాల్లో ఉందా?"

అబద్ధం చెప్పడం తేలికే. నీరజాక్షి చెప్పలేకపోయింది.

"లేదు. కొట్టేశారు."

అతను బాధపడినట్టు కనిపించలేదు. రావలసిన బస్సు రాదని తెలిసినవాడిలా తల ఊపి, కాలిన వేళ్ళతో పట్టీని ఒకసారి సర్దుకున్నాడు.

"పోనీలెండి. మా ఇంటిదానికి మాత్రం రాసుకున్నారనే సెప్పండమ్మా. అది రోజూ అడుగుతాది."

బయట దాలమ్మ ప్లాస్టిక్ సంచి నెత్తిన కప్పుకుని గోడ వారన నిలబడి ఉంది. నీరజాక్షిని చూడగానే వానలోకి ఎదురొచ్చింది.

"రాసుకున్నారేటమ్మా?"

"రాసుకున్నారు," అంది నీరజాక్షి.

దాలమ్మ ఆమె ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత సంచిలో సగం ఆమె నెత్తి మీదికి జరిపి, "పదండమ్మా, బస్సు ఎలిపోతాది" అంది.